తొమ్మిదో తరగతి మార్కులు, ఇంటర్ కాలేజీ, కామన్ యాప్: మాకు పనిచేసిన దారి

అమెరికా కాలేజీలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ఏడాదివారీ మార్కుల పట్టిక, అడుగుతాయి. మన దగ్గర తొమ్మిది, పది ఒక స్కూల్లో, ఇంటర్ ఇంకో చోట. ఎవరినడిగినా "మా దగ్గర అవి ఉండవమ్మా" అనే మాటే. మెమోల స్కాన్లు, నోటరీ, కన్సల్టెన్సీ, ఏదీ కుదరలేదు.

కుదిరింది ఇలా. ముందు మా అమ్మాయి పాత స్కూలుకు వెళ్లి, తొమ్మిదో తరగతి మార్కులు రిజిస్టర్ చూసి రాయించి, హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపు వేయించాం. తొమ్మిదికి బోర్డు పరీక్ష లేదు కదా, ఆ లెక్క స్కూల్లోనే దొరుకుతుంది. తర్వాత ఒకే షీటులో తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్ వరుసగా టైపు చేశాం: సబ్జెక్టు, వచ్చిన మార్కులు, గరిష్ఠ మార్కులు. ఎంపీసీ ఫస్టియర్ 470కి అని స్పష్టంగా రాశాం. 4.0 జీపీఏలోకి (అమెరికాలో వాడే నాలుగు పాయింట్ల సగటు గ్రేడు) మార్చనే లేదు, అది వాళ్లే చూసుకుంటారు. ప్రిన్సిపాల్ గారు ఒరిజినల్స్‌తో సరిచూసి కాలేజీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టారు. కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) కౌన్సెలర్‌గా ఆయన పేరు, కాలేజీ ఈమెయిల్ ఇచ్చాం; స్కూల్ రిపోర్టు (స్కూలు తరఫున నింపే ఫారం), ఈ షీటు ఆయనే అప్‌లోడ్ చేశారు.

అన్ని చోట్లా ఇదే చాలుతుందని చెప్పలేను. కొన్ని యూనివర్సిటీలు బయటి సంస్థతో మార్కుల మూల్యాంకనం అడుగుతాయి, ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి.