వైజాగ్ నుంచి విదేశాలకు చదువుకు వెళ్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అసైన్‌మెంట్ జాగ్రత్త

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, కుక్కర్ సంగతులు మీ సీనియర్లు చెప్తారు. నేను అసైన్‌మెంట్లలో కాపీ గురించే చెప్తాను. చదువు ముగించుకుని వైజాగ్ తిరిగొచ్చేసినా, అర్ధరాత్రి ఫోన్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. మొన్న ఇంగ్లండ్ నుంచి మద్దిలపాలెం కుర్రాడొకడు ఒకటే ఏడుపు. టెక్స్ట్‌బుక్‌లోంచి ఒక పేరా ఉన్నదున్నట్టు దించి, చివర్లో పుస్తకం పేరు రాశాడు. అది చాలదు. ఎత్తిరాసిన మాటలు కొటేషన్ గుర్తుల్లో ఉండాలి, పక్కనే రచయిత పేరు, సంవత్సరం, పేజీ ఉండాలి. సొంత మాటల్లోకి మార్చినా ఎవరి ఆలోచనో చెప్పాల్సిందే.

ఇక్కడ ఇంజనీరింగ్‌లో సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని బొమ్మలతో సహా దించితేనే సంతకం పడేది. అలా అలవాటైన పిల్లవాణ్ణి, దిగిన కొద్ది వారాలకే దొంగలా విచారణకు పిలవడం అన్యాయమనే అంటాను. పైగా శిక్ష అందరికీ ఒకేలా తగలదు. అమెరికాలో అక్కడి విద్యార్థిని సస్పెండ్ చేస్తే ఇంట్లో కూర్చుని మళ్లీ వస్తాడు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీదున్నవాడికి స్టేటస్ పోతుంది, దేశమే వదలాలి. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోను మాత్రం అలాగే ఉంటుంది. మన యూజీసీ 2018 నిబంధనల్లో థీసిస్‌కైనా మెట్లున్నాయి: వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు, 40 దాకా సరిదిద్ది మళ్లీ ఇవ్వమంటారు. మొదటి సెమిస్టర్ విద్యార్థికి ప్రతిచోటా అలాంటి అవకాశం ఒకటి ఉండాలి.

సరే, మనం అనుకున్నంత మాత్రాన వాళ్ల రూల్స్ మారవు. నాకు అన్నిటికంటే టెన్షన్ రూమ్మేట్‌తోనే. "ఫార్మాట్ కోసమే, ఒక్కసారి చూసి ఇచ్చేస్తా" అని ఫైలు అడుగుతాడు. ఇవ్వకండి. గాజువాకలో చిన్నప్పటి నుంచీ కలిసి చదువుకున్నవాడైనా సరే, ఇవ్వకండి. నేను కొత్తగా వెళ్లినప్పుడు మా ఇంట్లోనే ఇద్దరు దొరికిపోయారు. ఇద్దరి పేపర్లలో అదే పట్టిక, మూడో వరసలో అదే అక్షరదోషం. కాపీ కొట్టినవాడితో పాటు ఫైలు ఇచ్చినవాణ్ణీ పిలిచారు. చలికాలమంతా ఆ ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అన్నం కూడా ఎవరిది వాళ్లే వండుకున్నారు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకా ఘోరం. ఎన్నిసార్లు చెప్పినా వినరేం?

మన పేపర్‌ని వేరే రాతలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్. అది చూపించే పోలిక శాతం దానంతట అది తీర్పు కాదు. రిఫరెన్సుల జాబితా, ప్రశ్న పాఠం కూడా పోలికగా రంగులో రావచ్చు. శాతం తక్కువున్నా, అదంతా ఒకే పేరాలో ఉంటే మాత్రం ప్రమాదమే.

ఇంతా చెప్పి భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. కాపీ కొట్టారంటూ యూనివర్సిటీ మెయిల్ రాగానే చదువు పోయిందనుకోకండి. మొదటిసారి, చిన్న తప్పు అయితే చాలాచోట్ల హెచ్చరికతోనో, మార్కుల కోతతోనో, మళ్లీ రాయించడంతోనో పోతుంది. జవాబు రాసేముందు స్టూడెంట్స్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్లుంటే కలవండి. పాత డ్రాఫ్టులన్నీ పట్టుకెళ్లండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే యూనివర్సిటీ అప్పీళ్లన్నీ అయిపోయాక కూడా 12 నెలల్లోపు ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, విద్యార్థి పైసా కట్టక్కర్లేదు. యూనివర్సిటీకి ఇచ్చే జవాబు మాత్రం కన్సల్టెన్సీవాళ్లతో రాయించకండి, మీరే రాయండి.