క్రిస్మస్ ఉదయానికి ముందు రాత్రే సిద్ధం చేసుకునే బ్రెడ్ క్యాసరోల్

అమెరికాలో క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ ఆలస్యంగా లేచి తినే బ్రంచ్ కోసం, ముందు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం ఓవెన్‌లో పెట్టే బ్రెడ్, గుడ్ల క్యాసరోల్ (వెడల్పాటి పాత్రలో అన్నీ కలిపి ఓవెన్‌లో కాల్చే వంటకం) చాలా ఇళ్లలో చేస్తారు.

ఇందులో అసలు కిటుకు బ్రెడ్‌లోనే ఉంది. ఒకటి రెండు రోజులు నిలవున్న, కాస్త ఎండిన బ్రెడ్ అయితేనే రాత్రంతా పాలు, గుడ్ల మిశ్రమాన్ని పీల్చుకొని కూడా ముద్దకాకుండా నిలుస్తుంది. తాజా బ్రెడ్ తప్ప లేకపోతే, అంగుళం ముక్కలుగా కోసి 300 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో 15 నిమిషాలు ఆరబెట్టాలి.

వెన్న రాసిన 9×13 అంగుళాల పాత్రలో సుమారు 450 గ్రాముల బ్రెడ్ ముక్కలు, రెండు కప్పుల తురిమిన చెడ్డార్ చీజ్ పరచాలి. ఉల్లిపాయ, పుట్టగొడుగులు, పాలకూర వేయదలిస్తే, వాటిలోని నీరు ఇగిరేదాకా వేయించి చల్లార్చాకే కలపాలి. మాంసం సాసేజ్ అయితే పూర్తిగా ఉడికించాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర మన ఇళ్ల చేర్పే అయినా నిస్సందేహంగా బాగుంటాయి. తొమ్మిది గుడ్లు, మూడు కప్పుల పాలు, ఉప్పు, మిరియాల పొడి గిలకొట్టి, పైన సమంగా పోసి, ముక్కలను మెల్లగా అదిమి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఉదయం పాత్రను అరగంట ముందే బయటపెట్టాలి. చల్లటి గాజుపాత్ర వేడి ఓవెన్‌లో పగిలే ప్రమాదం ఉంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద అల్యూమినియం ఫాయిల్ కప్పి 30 నిమిషాలు, తీసేసి మరో 20 నిమిషాలు కాల్చాలి. నడిమధ్యన 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి చేరితే ఉడికినట్టే. పది నిమిషాలు ఆగి కోస్తే ముక్కలు విరగకుండా వస్తాయి.