పాత జిప్సీకి కొత్త పని – 3వ పాఠం: కమాన్ కట్టల లెక్క

మొదటి పాఠంలో కాగితాలు చూసుకున్నాం. రెండో పాఠంలో చాసిస్ (బండి అడుగు చట్రం) తుప్పు గీకి, పగుళ్లు వెతికాం. ఈసారి కొత్త ఇంజన్ బండిలోకి దించుతామని చాలామంది ఎదురుచూస్తూ ఉంటారు. దించం. నా కొత్త ఇంజన్ కూడా షెడ్డులో గోనెసంచి కప్పుకుని కూర్చుంది, ఇంకో పాఠం దాకా అక్కడే ఉంటుంది. ఇంజన్ బరువు మోసేవి కమాన్ కట్టలు, అంటే చాసిస్ కింద ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు. వాటి లెక్క తేలకుండా ఇంజన్ పెడితే, పెట్టిన చోటు నుంచి మళ్లీ తీయాల్సి వస్తుంది. నేను ఒకసారి అలా తీశాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మన పాఠాల బండి 1998 నాటి మారుతి జిప్సీ కింగ్ (జీపు లాంటి బండి), ఓఆర్ 10 నంబరు, అంటే కోరాపుట్ రిజిస్ట్రేషన్. అందులో ఉన్నది 1298 సీసీ కార్బురేటర్ ఇంజన్, 60 గుర్రాల శక్తి. దాని స్థానంలో 2000 తర్వాతి జిప్సీలో వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలుని పిచికారీ కొట్టే) ఇంజన్ పెడుతున్నాం. అదీ 1298 సీసీయే, శక్తి మాత్రం 80. ఒకే కంపెనీ, ఒకే ఇంధనం అయినా ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ – ఇవన్నీ మొదటి పాఠంలో ఉన్నాయి. అది చదవకుండా స్పానర్ పట్టుకోకండి.

ఇక కమాన్లు. జిప్సీకి ముందూ వెనకా నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలే, కాయిల్ స్ప్రింగు ఎక్కడా లేదు. మనలాంటివాళ్లకి అదో వరం. కమాన్ పట్టీని ఎవరైనా విప్పి చూడొచ్చు, కొలవొచ్చు, రాయగడలోనైనా పార్వతీపురంలోనైనా లారీ కమాన్లు కట్టే మేస్త్రీ దొరుకుతాడు. శాపం కూడా అదే. ఎవరైనా చేసేయొచ్చు అనిపిస్తుంది.

నా సంగతే చెబుతాను. మొదటి జిప్సీ వెనక భాగం కుంగిపోయిందని లారీ కమాన్ల షాపుకి తీసుకెళ్లాను. మేస్త్రీ ఒకసారి వంగి చూసి, "బావూ, ఓ పట్టీ ఎక్కువేసేస్తే సరి, బండి లెగుస్తాది" అన్నాడు. పక్కనే పడున్న పాత లారీ పట్టీని కోసి, అంచులు గ్రైండ్ చేసి, సెంటర్ బోల్టుకి కన్నం పెట్టి కట్టేశాడు. గంటన్నర పని. బండి నిజంగానే లేచింది. సంతోషంగా సుంకి ఘాటీ దిగి సాలూరు బయల్దేరాను. మూడో మలుపులో గతుకు తగలగానే వెనక చక్రాలు పక్కకి ఎగిరాయి. బండి రోడ్డు మీదే ఉండిపోవడం నా అదృష్టం. తప్పు మేస్త్రీది కాదు. అతను లారీకి చేసే పనే చేశాడు. ఎత్తు పెంచమన్నది నేను, ఎంత గట్టిపడుతుందో అడగనిదీ నేనే.

ఏం జరిగిందో లెక్క వేద్దాం. ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే.

పట్టీ గట్టిదనం దాని మందం మీద ఘనంలో ఆధారపడుతుంది. అంటే మందాన్ని మూడుసార్లు వేసి గుణించాలి. 6 మి.మీ. పట్టీకి 6×6×6 = 216. 7 మి.మీ. పట్టీకి 343. 8 మి.మీ. పట్టీకి 512. ఒక్క మిల్లీమీటరే పెరిగినా 7 పట్టీ 6 పట్టీకంటే ఒకటిన్నర రెట్లకు పైగా గట్టిది. 8 పట్టీ అయితే 6 మి.మీ. పట్టీలు రెండింటికంటే ఎక్కువ. వెడల్పూ పొడవూ దాదాపు ఒకటే అనుకుని, 6 మి.మీ. పట్టీలు మూడున్న కట్టకి మొత్తం 648. దానికి ఇంకో 6 మి.మీ. పట్టీ కలిపితే 864, అంటే మూడో వంతు పెరిగింది. 8 మి.మీ. లారీ పట్టీ కలిపితే 1160. ఒక్క పట్టీతో కట్ట 79 శాతం గట్టిపడింది.

ఇప్పుడు ఎత్తు. ఒక్కో వెనక కట్ట మీద 200 కిలోలు పడుతున్నాయని, కట్ట మిల్లీమీటరుకి 2 కిలోల చొప్పున కుంగుతుందని అనుకుందాం. 200ని 2తో భాగిస్తే 100 మి.మీ. కుంగుతుంది. 79 శాతం గట్టిపడితే అదే బరువుకి 56 మి.మీ. మాత్రమే కుంగుతుంది. బండి 44 మి.మీ. లేచినట్టు కనబడుతుంది. నిజానికి అది లేవలేదు, కుంగడం మానేసింది. ఎత్తు రావాల్సింది పట్టీ వంపు నుంచి, గట్టిదనం వచ్చేది మందం నుంచి. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే సుంకి ఘాటీలో నాకైనట్టే అవుతుంది.

ఎంత గట్టిగా ఉంటే సరి? దానికో తేలిక సూత్రం ఉంది. బండి బరువుకి కట్ట ఎన్ని మి.మీ. కుంగిందో దాని వర్గమూలంతో 946ని భాగించండి. నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. 100 మి.మీ.కి 95 ఊపులు. 56 మి.మీ.కి 126. మామూలు కార్లు నిమిషానికి 60 నుంచి 90 మధ్య ఊగుతాయి. జిప్సీ లాంటి బండికి 95, 100 దగ్గర ఉన్నా నడుము ఓర్చుకుంటుంది. 126 అంటే ఖాళీ లారీ వెనక తొట్టిలో కూర్చున్నట్టే.

మీ బండి కొలవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. టేపు, సుద్దముక్క, 50 కిలోల సిమెంటు బస్తాలు రెండు చాలు. చదునైన గచ్చు మీద బండి పెట్టండి. వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైభాగం నుంచి చాసిస్ దాకా రెండు పక్కలా కొలిచి రాసుకోండి. బస్తాలు రెండూ సరిగ్గా యాక్సిల్ మీదుగా, కుడి ఎడమల సమానంగా పెట్టండి. మళ్లీ కొలవండి. 100 కిలోలకి 24 మి.మీ. దిగిందనుకుంటే, 100ని 24తో భాగిస్తే రెండు కట్టలకీ కలిపి సుమారు 4.2, ఒక్కోదానికి మిల్లీమీటరుకి 2.1 కిలోలు.

ఇక్కడ ఒక మోసం ఉంది. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి కాబట్టి కట్ట పట్టేసి ఆగిపోతుంది, నిజమైన ఎత్తు చూపించదు. అందుకని ప్రతి కొలతకీ ముందు బంపర్ మీద ఎక్కి నాలుగైదుసార్లు ఊపండి. బస్తాలు ఎక్కించేటప్పుడు ఒక కొలత, దించేటప్పుడు ఇంకో కొలత తీసి సగటు తీసుకోండి. రెండింటికీ పది మి.మీ. తేడా వస్తే పట్టీల మధ్య తుప్పు పేరుకుందని అర్థం. ముందు విప్పి వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు రాసి, అప్పుడు మళ్లీ కొలవండి. నా అనుభవంలో "కమాన్లు పోయాయి" అని వచ్చే బండ్లలో సగానికి ఈ మందే సరిపోతుంది.

ముందు వైపు కూడా ఇలాగే. కానీ ముందు ఇంజన్ బరువు మారుతుంది కదా. అందుకే పాత ఇంజన్, కొత్త ఇంజన్ రెండింటినీ తూచాలి. చైన్ బ్లాకుకి వేలాడదీసి, పత్తి కొనే సేటు దగ్గర ఉండే ప్లాట్‌ఫారం కాటా మీదకి దించితే చాలు. మా రాయగడ, గుణుపురం వైపు కాటాకి కరువు లేదు. ఆయిల్, స్టార్టర్ మోటారు, డైనమో అన్నీ తగిలించి తూచండి. మన ఎంపీఎఫ్ఐకి పాతదానికంటే పెద్ద తేడా రాదు. డీజిల్ ఇంజన్ పెట్టాలని మోజుపడేవాళ్లకే ఇది ముఖ్యం. 60 కిలోలు ఎక్కువైతే, రెండు ముందు కట్టలకీ కలిపి మిల్లీమీటరుకి 4 కిలోలుంటే, ముక్కు 15 మి.మీ. కిందకి దిగుతుంది. ఆ దిగే ఎత్తుని ముందే కమాను వంపులో కలపాలి.

వంపు పెంచాలంటే పట్టీని చల్లగానే సుత్తి దెబ్బలతో వంచే మేస్త్రీ దగ్గరికి వెళ్లండి. గ్యాసు మంట పెట్టి వంచేవాడి దగ్గరికి వద్దు. మంట తగిలిన చోట స్ప్రింగు ఉక్కు పదును పోతుంది. మళ్లీ మొత్తం పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, తక్కువ వేడిలో పదును సరిచేస్తే తప్ప అది మామూలు ఇనుపముక్కే. పట్టీ మీద వెల్డింగ్ చుక్క పడినా అక్కడే పగులుతుంది.

షాకిళ్లు (కమాను కొసని చాసిస్‌కి తగిలించే ఊగే లింకులు) పొడుగు చేసి ఎత్తు పెంచే అలవాటు కూడా మన వైపు బాగా ఉంది. చవక కాబట్టి. 50 మి.మీ. పొడుగు పెంచితే బండి లేచేది సగమే, 25 మి.మీ. మిగతాది కమానుని వాల్చడానికి పోతుంది. 900 మి.మీ. కమానైతే సుమారు మూడు డిగ్రీలు వాలుతుంది. జిప్సీ ముందు కమాన్లకి షాకిల్ ముందు కొసన ఉంటుంది కాబట్టి, ఆ వాలు క్యాస్టర్ కోణాన్ని (ముందు చక్రాలు తిరిగే పిన్నులు వెనక్కి వాలే కోణం) తగ్గిస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. సరదాగా దేవమాలి కొండెక్కేవాళ్లు దిగేటప్పుడు ఈ సంగతి చేతులతో తెలుసుకుంటారు. నేనైతే షాకిల్ జోలికి వెళ్లను.

మొత్తం మీద 40 మి.మీ.కి మించి లేపకండి. అంతకు మించితే బ్రేకు హోసులు బిగుసుకుంటాయి, స్టీరింగ్ డ్రాగ్ లింకు (స్టీరింగ్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) ఏటవాలుగా మారి గతుకు గతుకుకీ స్టీరింగ్ లాగుతుంది, యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు అరుగుతాయి.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. కమానుని యాక్సిల్‌కి కట్టే యూ బోల్టులు సాగిన పాతవి మళ్లీ వాడకండి, కొత్తవి వేసి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. రబ్బరు బుష్‌లుంటే కమాను కొస కన్నాల్లోని కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు బండి చక్రాల మీద దిగాకే బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి ఆరునెలలకే చిరిగిపోతుంది. ఇటుకల మీద చాసిస్ నిలబెట్టి కిందికి దూరేవాళ్లకి వేరే చెప్పను, స్టాండ్లు కొనండి.

ఇక ఇంటి పని. పాత ఇంజన్ ఇంకా లోపలే ఉంది కాబట్టి ఇప్పుడే చేయొచ్చు. ముందు కమాన్ కట్ట నుంచి మెయిన్ పట్టీ ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. చాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి, ముందు యాక్సిల్‌ని జాకీతో పైకి, బంప్ స్టాపుకి (యాక్సిల్‌ని ఇంకా పైకి రానివ్వని రబ్బరు దిమ్మ) తగిలేదాకా ఎత్తండి. అంతకు ముందే ఇంజన్ అడుగునున్న ఆయిల్ సంపుకీ యాక్సిల్‌కీ మధ్య నిమ్మకాయంత గోధుమపిండి ముద్ద అంటించండి. యాక్సిల్ దించాక నలిగిన ముద్ద మందం కొలవండి. గుంతలో పడ్డప్పుడు మీ ఇంజన్‌కీ యాక్సిల్‌కీ మధ్య మిగిలే ఖాళీ అదే. ఆ అంకె, నాలుగు మూలల ఎత్తులు, ముందు వెనక కట్టల కిలోలు, రెండు ఇంజన్ల బరువులు (పాతది బయటికి తీశాక తూచి) ఒక కాగితం మీద రాసి షెడ్డు గోడకి అంటించండి. నాలుగో పాఠంలో ఇంజన్‌ని చాసిస్‌కి పట్టే మౌంట్లు ఆ పిండి ముద్ద అంకెని బట్టే కోస్తాం. పాత పెట్రోలు పైపు కార్బురేటర్ కోసం వేసినది, ఎంపీఎఫ్ఐ పంపు తోసే మూడు బార్ల ఒత్తిడికి ఆగదు, ఆ పైపుల సంగతీ అప్పుడే.