బ్లౌజు మీద ఎంబ్రాయిడరీ: డిజైన్ ఎలా ఎంచుకోవాలి?

ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి "అచ్చం ఇలాగే నా బ్లౌజు మీద రావాలి" అంటారు. బట్ట ఇంకా కొని ఉండరు. చేతులు పొట్టివా, మోచేతి దాకానా తేల్చుకుని ఉండరు. డిజైన్ మాత్రం ఖాయం చేసేసుకుంటారు. నెల రోజులు కళ్లు పెట్టి కుట్టాక, టైలర్ దగ్గర నుంచి వచ్చిన బ్లౌజులో నెమలి తల చంక కిందికి పోయి కనిపిస్తే ఎంత బాధో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ముందు బట్ట, తర్వాత చోటు, తర్వాత కొలత, చివరికి డిజైన్. ఈ వరస మార్చకండి.

సామాను మామూలుదే. రింగు, సన్న సూదులు, ట్రేసింగ్ పేపరు, టేపు, పెన్సిలు. దారం యాంకర్‌ది తీసుకోండి. లచ్చికి 8 మీటర్లు వస్తుంది, అందులో ఆరు పోగులుంటాయి. బ్లౌజుకి రెండు పోగులే వాడాలి. మూడు పోగులు దిండు గలీబులకి సరిపోతాయి.

బట్ట సాదాగా ఉండాలి. మంగళగిరి కాటన్ లాంటిది దీనికి చాలా బాగుంటుంది, ఒంట్లో బుటాలు లేకుండా నేస్తారు కాబట్టి మన పని నిండుగా కనిపిస్తుంది. పోచంపల్లి ఇకత్ మీద, కలంకారీ మీద ఎంబ్రాయిడరీ వేయకూడదు. వాటి అందం వాటికుంది. కాటన్ అయితే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే మొదలుపెట్టండి. లేకపోతే మొదటి ఉతుకులో బట్ట ముడుచుకుపోయి కుట్టు చుట్టూ ముడతలు వస్తాయి.

చోటు విషయానికొస్తే, పైట ఎడమ భుజం మీద వేసుకుంటాం కాబట్టి ముందు భాగంలో ఎడమవైపు ఎంత కుట్టినా పైట కిందే ఉండిపోతుంది. మీ శ్రమంతా చేతుల మీద, వెనక మెడ మీద పెట్టండి.

ఇక కొలత. పని చెడితే ఇక్కడే చెడుతుంది, కాబట్టి దీనికి ఒక పూట కేటాయించండి.

బట్టని కత్తిరించకుండానే టైలర్ దగ్గరికి తీసుకెళ్లి చేతులు, వెనక మెడ గీయించుకోండి. చేతి అంచు ఎంత మడుస్తారో, పక్క కుట్టు ఎక్కడ పడుతుందో కూడా గీయమనండి. ఆ గీతలన్నిటికీ ముప్పావు అంగుళం లోపలికే మీ డిజైన్ ఆగిపోవాలి. కుట్టడం అయ్యాకే కత్తెర పడాలి. ముందే కత్తిరించిన ముక్కని రింగులో బిగిస్తే అంచులు సాగిపోతాయి, పోగులు ఊడతాయి.

తర్వాత ఆ చేతి ఆకారంలో న్యూస్ పేపరు కత్తిరించి, స్కెచ్ పెన్నుతో డిజైన్ సుమారుగా గీసి, మీ చేతికి చుట్టి పిన్ను పెట్టుకోండి. అద్దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి చెయ్యి దించండి, ఎత్తండి. బల్ల మీద పరిచినప్పుడు అందంగా ఉన్న తీగ, చేతికి చుట్టాక సగం వెనక్కి పోవడం అప్పుడు తెలుస్తుంది. పొట్టి చేతికి ఎదురుగా కనిపించేది నాలుగైదు అంగుళాల వెడల్పే.

డిజైన్ పెద్దదైతే జిరాక్స్‌లో తగ్గించుకోవచ్చు. కావాల్సిన వెడల్పుని ఉన్న వెడల్పుతో భాగించి నూటితో గుణించండి. 8 అంగుళాల నెమలిని 5 అంగుళాలు చేయాలంటే 63 శాతం. కానీ అక్కడితో ఆగితే లాభం లేదు. బొమ్మ తగ్గినంత మాత్రాన దారం సన్నబడదు కదా! పింఛంలో ఒక్కో కన్ను చుట్టూ మూడు గీతలుంటే, తగ్గించాక ఆ మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. వాటి మీద గొలుసు కుట్టు వేస్తే కన్ను పోయి ముద్ద మిగులుతుంది. రెండు గీతల మధ్య ఒక బియ్యపు గింజ పట్టేంత ఖాళీ ఉండాలి. లేకపోతే మధ్య గీత తీసేయండి. ఈకలు పదకొండుంటే ఏడు చేయండి. కంటికి ఒక్క ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి) చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కుడి ఎడమలు. మా వదిన బ్లౌజుకి ఒకే కాగితంతో రెండు చేతులకీ అచ్చు వేశాను. రెండు నెమళ్లూ ఒకే దిక్కుకి చూస్తున్నాయని రెండోది పూర్తయ్యాక గానీ గమనించలేదు. అది విప్పి మళ్లీ కుట్టడానికి పదిహేను రోజులు పట్టింది. బట్ట మీద సూది చిల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి.

అందుకే కార్బన్ పేపరు మానేసి మగ్గం వర్క్ చేసేవాళ్ల పద్ధతికి మారాను. ట్రేసింగ్ పేపరు మీద గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడవాలి. ముదురు రంగు బట్టకి జింక్ పౌడరు, లేత రంగుకి నీలిమందు కాస్త కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ముక్కతో ఆ కాగితం మీద రుద్దితే చుక్కలు బట్ట మీదికి దిగుతాయి. పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట చేయండి. రెండో చేతికి కాగితాన్ని తుడిచి తిరగేస్తే చాలు, నెమలి ఎదురుదిక్కుకి తిరుగుతుంది. వేడికి మాయమయ్యే పెన్నులు మాత్రం వాడకండి. ఇస్త్రీకి పోయిన గీతలు చలికి మళ్లీ తేలే అవకాశం ఉంది.

రంగులు మూడు దాటకూడదు, ఆకుపచ్చతో కలిపి. ఎరుపు, మెరూన్ దారాలని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు అంటితే ఆ లచ్చి పక్కన పెట్టేయండి.

బహుమతిగా ఇచ్చేటప్పుడు, వాళ్లింట్లో బట్టలు వాషింగ్ మెషిన్‌లో ఉతుకుతారా అని ముందే కనుక్కోండి. అలా అయితే పూసలు, అద్దాలు, జర్దోసీ (లోహపు తీగల పని) వద్దు. బారసాలకి ఇచ్చే జుబ్బాల మీద ఎలాగూ వద్దు, పాపాయి పీకి నోట్లో పెట్టుకుంటుంది. వాటికి అంచు దగ్గర చిన్న పువ్వుల వరస వేసి, దారం ముడులు గుచ్చుకోకుండా లోపల మెత్తటి మల్ గుడ్డ వేయండి. చేతిరుమాలు అయితే మూలన పేరులో మొదటి అక్షరం తెలుగులోనే వేయండి. మన అక్షరాల వంపులు కాడ కుట్టుకి ఎంత బాగా అమరుతాయో ఒక్కసారి 'ల' కుట్టి చూడండి. తలకట్టు ఉన్న అక్షరమైతే దాన్ని మాత్రం విడిగా, చిన్న చిన్న కుట్లతో వేయాలి.

పని అయ్యాక చిల్లుల కాగితం పారేయకండి. మూలన సైజు, పైకి ఏ వైపు రావాలో రాసి, మడత పెట్టకుండా గొట్టంలా చుట్టి దాచుకోండి.