అమెరికా పాత నాణెంలో ఏ లోహం ఉందో తేల్చడం ఎలా?

ముందుగా పేర్లను నమ్మడం మానండి. ‘నికెల్’ అని పిలిచే 5 సెంట్ల నాణెంలో నికెల్ పావు వంతే, మిగతాదంతా రాగి. అందుకే అది అయస్కాంతానికి అంటుకోదు. ఆ పేరు కూడా మొదట దానిది కాదు. 12 శాతం నికెల్ కలిపి 1857లో తెచ్చిన చిన్న సెంటును జనం అలా పిలిచేవారు. 5 సెంట్ల నికెల్ 1866లో గానీ రాలేదు. ‘మెర్క్యురీ డైమ్’ (10 సెంట్ల నాణెం) మీద ఉన్నదీ రోమన్ దేవుడు మెర్క్యురీ కాదు, రెక్కల టోపీ పెట్టుకున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛకు ప్రతీకైన స్త్రీమూర్తి.

0.01 గ్రాము వరకు చూపే తూకం, అయస్కాంతం, భూతద్దం చాలు. మెరుగు పెడదామని నాణేన్ని రుద్దారో, దాని విలువ సగం పోయినట్టే.

మొదట సంవత్సరం చూడండి. చలామణి కోసం కొట్టిన డైమ్, క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్‌లలో 1964 వరకు 90 శాతం వెండి. 1873 తర్వాతి తూకాలు వరుసగా 2.50, 6.25, 12.50 గ్రాములు. అరిగితే కాస్త తగ్గుతాయి తప్ప పెరగవు. 1965 నుంచి డైమ్, క్వార్టర్ రాగి మీద రాగి-నికెల్ పొర వేసినవే: క్వార్టర్ 5.67 గ్రాములకు దిగింది, అంచున ఎర్రటి చార కనిపిస్తుంది. హాఫ్ డాలర్‌లో మాత్రం 1970 దాకా 40 శాతం వెండి మిగిలింది (11.50 గ్రాములు). చాలామంది చేజార్చుకునేది దీన్నే.

రెండో ప్రపంచ యుద్ధకాలపు నికెల్‌కు తూకం పనికిరాదు, అప్పుడూ ఇప్పుడూ 5 గ్రాములే. వెనక భవనం గుమ్మటం పైన పెద్దగా, టంకశాలను సూచించే పి, డి, ఎస్‌లలో ఒక అక్షరం ఉంటే అది 1942–45 నాటిది: 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీస్.

1943 సెంటు జింకు పూసిన ఉక్కు, 2.70 గ్రాములు. అరుదైన ‘రాగి 1943’ అని ఎవరైనా చూపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు మీద రాగిపూతే. అంటుకోకపోయినా సంబరపడొద్దు, 1948లోని 8ని చెక్కి 3 చేసినవీ ఉంటాయి. 1982 సెంటు రెండు రకాలు: 3.11 గ్రాములైతే రాగి, 2.50 అయితే జింకు.

పాత వెండి డాలర్ (26.73 గ్రాములు) మీద అనుమానముంటే నీటిలో తూచండి. తూకంపై నీటి గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో పూర్తిగా ముంచండి. తూకం సుమారు 2.6 గ్రాములు (నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు) చూపాలి. 3 దగ్గరికొస్తే రాగి-నికెల్ నకిలీ కావచ్చు. నాణెం అడుగుకు తగిలినా, గాలి బుడగలు అంటుకున్నా అంకె పెరిగి, అసలుదే నకిలీలా కనిపిస్తుంది.