రక్తం పలచబరిచే మందులు వాడే రోగికి పన్ను తీసే ముందు

నోరు, దవడల శస్త్రచికిత్సలో శిక్షణ మొదలుపెట్టినవారు "మందులేమైనా వాడుతున్నారా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకూడదు, ఏళ్ల తరబడి రోజూ వేసుకునే మాత్రను చాలామంది మందు కింద లెక్కపెట్టరు. మందుల సంచీ తెప్పించి, ప్రతి పట్టీ తిరగేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవాలి. రోగి కొలెస్ట్రాల్ మందు అని చెప్పిన క్యాప్సూల్‌లో అటార్వాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు ఉండవచ్చు.

ఆ పేరు కనబడగానే మాత్ర ఆపించాలని కొత్తవారికి తోస్తుంది. పన్ను తీసిన గుంటలోని రక్తస్రావం కంటికి కనబడుతుంది, వేలితో నొక్కడానికి అందుతుంది. మందు ఆపినందువల్ల గుండె స్టెంట్‌లోనో మెదడు రక్తనాళంలోనో కట్టే గడ్డ మన చేతికి అందదు. పైగా ఆస్పిరిన్ ప్రభావం అది తాకిన ప్లేట్‌లెట్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణం) బతికినంత కాలం, అంటే 7 నుంచి 10 రోజులు, ఉంటుంది కనుక రాత్రి మాత్ర మానిపించి మర్నాడు పన్ను తీయడంలో అర్థమే లేదు.

వార్ఫరిన్ వాడేవారికి శస్త్రచికిత్సకు ముందు 24 గంటల్లోపు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష; అంకె పెరిగితే రక్తస్రావం ముప్పు ఎక్కువ) చూడాలి. అది 4 లోపు ఉంటే ఒకటి రెండు పళ్లు మామూలుగా తీయవచ్చు. కొన్ని విభాగాలు 3.5 దగ్గరే గీత గీస్తాయి. అపిక్సబాన్, డబిగట్రాన్ వంటి కొత్త తరం రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని ఐఎన్ఆర్ సరిగా చూపదు కాబట్టి చివరి మోతాదు వేళ, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవాలి. ఏ మందైనా ఆపాలనిపిస్తే దాన్ని రాసిన వైద్యుడితో మాట్లాడకుండా ఆపవద్దు.

పని ఉదయం పూటే పెట్టుకుంటే సాయంత్రంలోగా రక్తం మళ్లీ వచ్చినా చూసుకోవచ్చు. గుంటలోని వాపు కణజాలాన్ని గీకి తీసి, రక్తం ఆగడానికి తోడ్పడే ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ ఉంచి కుట్టు వేయాలి. గాజ్‌ను గుంటకు సరిపడేంత చిన్నగా మడవాలి. పక్క పళ్ల మీద ఆనే లావాటి ఉండను రోగి ఎంత గట్టిగా కొరికినా గుంట మీద ఒత్తిడి పడదు. మత్తుమందులో ఉండే, రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ పనిచేస్తున్నంతసేపు గుంట పొడిగా కనబడి మోసం చేస్తుంది, కాబట్టి వెంటనే పంపేయకుండా కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి.

నొప్పికి ఐబుప్రోఫెన్ కాక పారాసెటమాల్ రాయాలి. వార్ఫరిన్ రోగికి అలవాటుగా మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, పన్ను తీసిన రోజు బాగున్న ఐఎన్ఆర్ నాలుగు రోజుల్లో పెరిగిపోవచ్చు.