తొలి క్రైస్తవులు 'సువార్త' అన్నప్పుడు ఏమనుకున్నారు? బైబిలు చేతపట్టుకుని తెలుసుకోవడం ఎలా

సువార్త అనే మాట తెలుగులో నాలుగైదు చోట్ల నాలుగైదు రకాలుగా వినిపిస్తుంది. 'మత్తయి సువార్త' అంటే పుస్తకం. 'సువార్త కూటాలు' అంటే మైదానంలో మైకులు పెట్టి జరిపే సభలు. 'సువార్తకు వెళ్లారు' అంటే కరపత్రాలు పట్టుకుని ఊళ్లోకి బయల్దేరారని. కతోలిక దేవాలయంలో పూజ మధ్య చదివేదాన్ని 'సువిశేష పఠనం' అంటారు. ఇవేవీ తప్పు వాడుకలు కావు. అయితే క్రీ.శ. 50 ప్రాంతంలో తొలి క్రైస్తవ బోధకుడు పౌలు తన ఉత్తరాల్లో ఈ మాట రాసేనాటికి మత్తయి పుస్తకమే లేదు. మరి ఆయన దేన్ని సువార్త అన్నాడు? విన్నవాళ్లు ఏమని అర్థం చేసుకున్నారు? ఇది ఎవరికి వారు చదివి తేల్చుకోగల విషయమే. గంటేసి చొప్పున ఐదారుసార్లు కూర్చుంటే సరిపోతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

బైబిలు సొసైటీ వారి పాత అనువాదం ఒకటి, వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి, పద సూచిక (ఏ మాట ఏ వచనంలో ఉందో చూపే పుస్తకం) లేదా ఫోన్‌లో వెతికే వీలున్న బైబిలు యాప్, ఒక నోటు పుస్తకం. నోటు పుస్తకంలో ప్రతి పేజీని మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో 'ఎవరు, ఎవరికి చెప్పారు', రెండో గడిలో 'ఏం జరిగిందని చెప్పారు', మూడో గడిలో 'విన్నవాళ్లను ఏం చేయమన్నారు'. రెండో గడిని, మూడో గడిని కలపకుండా ఉంచడమే ఈ పని అంతటికీ ఆయువుపట్టు.

పాత అనువాదం ఎందుకంటే, అందులో క్రియల చివర్లు స్పష్టంగా ఉంటాయి. 'మృతిపొందెను', 'లేపబడెను' లాంటివి జరిగిన సంగతులు. 'నమ్ముడి', 'మారుమనస్సు పొందుడి' లాంటివి చేయమన్న పనులు. ఏ మాట ఏ గడిలోకి వెళ్లాలో చాలాసార్లు క్రియ చివరే చెప్పేస్తుంది.

యాప్‌లో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఒకే అర్థమున్న మాటను తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి 'సువార్త' అనీ, 'సువర్తమానము' అనీ రాశారు. యెషయా 61:1లో 'దీనులకు సువర్తమానము' అని ఉంటుంది. ఆ వాక్యాన్నే యేసు నజరేతు సమాజమందిరంలో చదివిన లూకా 4:18లో 'బీదలకు సువార్త' అని ఉంటుంది. 'సువార్త' అని మాత్రమే కొడితే మొదటిది దొరకదు. రెండూ దొరుకుతాయని 'సువ' అని కొడితే లేవీయకాండంలోని 'ఇంపైన సువాసన' అంతా వచ్చి పడుతుంది. రెండు మాటల్నీ విడివిడిగా వెతకండి. 'పూర్తి పదం మాత్రమే' అనే అమరిక ఉంటే తీసేయండి, లేకపోతే 'సువార్తను', 'సువార్తకు' లాంటివి జారిపోతాయి.

1. ముందు పరుగెత్తేవాణ్ణి చూడండి

క్రొత్త నిబంధన తెరవకముందు 2 సమూయేలు 18:19-33 చదవండి. అబ్షాలోము తిరుగుబాటు అణిగిపోయింది, అతను చనిపోయాడు. ఆ కబురు దావీదుకు చేరాలి. అహిమయస్సు తాను వెళ్తానంటాడు. రాజు కొడుకు చనిపోయాడు గనక నువ్వు వద్దని సేనాపతి యోవాబు ఆపి, కూషీని పంపుతాడు. అహిమయస్సు బతిమాలి, వెనక బయల్దేరి, మైదానపు దారి పట్టి కూషీని దాటేస్తాడు. కావలివాడు గోడ మీద నుంచి ఒంటరిగా పరుగెత్తుకొచ్చే మనిషిని చూస్తాడు. ఒంటరిగా వస్తున్నాడంటే కబురు తెస్తున్నట్టేనంటాడు రాజు. ఓడి పారిపోయే సైనికులైతే గుంపుగా వస్తారు మరి.

ఇక్కడ కబురు తెచ్చే పనికి హీబ్రూలో ఉన్న మాటే యెషయా 40:9లోనూ, 52:7లోనూ, 61:1లోనూ ఉంది. క్రీ.పూ. కాలంలో యూదులు లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు యెషయాలోని ఈ చోట్ల 'యూఅంగెలిజొమై' అనే క్రియ పెట్టారు. 'యూ' అంటే మంచి, 'అంగెలియా' అంటే కబురు. మన 'సు' + 'వార్త' దానికి అచ్చంగా సరిపోయింది. యెషయా 52:7లో కొండల మీదుగా వచ్చే ఆ దూత చెప్పేదేమిటో చూడండి: 'నీ దేవుడు ఏలుచున్నాడు'. రెండో గడిలో అది రాసుకోండి. మూడో గడి ఖాళీగా వదిలేయండి. దూత సలహా ఇవ్వడు, అయిపోయిన యుద్ధం సంగతి చెబుతాడు.

అదే మాట రోమా సామ్రాజ్యంలోనూ తిరుగుతుండేది. ఇప్పటి తుర్కియేలో ఉన్న ప్రియేనే అనే పురాతన నగరంలో క్రీ.పూ. 9 నాటి శాసనం ఒకటి దొరికింది. అగస్తు చక్రవర్తి పుట్టినరోజైన సెప్టెంబరు 23ను ఆసియా రాష్ట్రానికి కొత్త సంవత్సరాదిగా మార్చిన తీర్మానం అది. దేవుడని వాళ్లు పిలిచిన ఆ చక్రవర్తి పుట్టిన రోజే లోకానికి ఆయన వల్ల కలిగిన శుభవార్తలకు మొదలు అని అందులో ఉంది. అక్కడ మాట బహువచనం. క్రొత్త నిబంధనలో ఈ నామవాచకం ఎక్కడా బహువచనంలో రాదు. సువార్త ఒక్కటే. సుమారు ఎనభై ఏళ్ల తర్వాత మార్కు 'దేవుని కుమారుడైన యేసుక్రీస్తు సువార్త ప్రారంభము' అని రాస్తే, ఆ ప్రాంతాల్లో విన్నవాళ్లకు చక్రవర్తి గుర్తు రాకుండా ఉండడం కష్టం. కానీ పౌలు, మార్కు ఈ మాటను చక్రవర్తి దగ్గరే అరువు తెచ్చుకున్నారని తేల్చేయకండి. వాళ్లు పదే పదే ఎత్తి చూపేది యెషయాను. రోమా 10:15 చూడండి.

2. పుస్తకాల వరసను పక్కన పెట్టండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బైబిలులో మత్తయి ముందు ఉంది గనక అక్కడే మొదలుపెడతారు. రాసిన కాలాన్ని బట్టి పౌలు పత్రికలు ముందువి. ఈ వరసలో చదవండి: 1 థెస్సలొనీకయులకు (సుమారు క్రీ.శ. 50), గలతీయులకు, 1 కొరింథీయులకు (సుమారు 54), రోమీయులకు (సుమారు 57), ఆ తర్వాత మార్కు (70 అటూఇటూ), ఆపైన లూకా, అపొస్తలుల కార్యములు.

లెక్క చూస్తే ఇంకా తెలుస్తుంది. గ్రీకులో 'సువార్త' అనే నామవాచకం క్రొత్త నిబంధన మొత్తంలో 76 సార్లు వస్తే, అందులో 60 పౌలు పేరున్న పత్రికల్లోనే. మార్కులో 8, మత్తయిలో 4. లూకా తన సువార్తలో నామవాచకాన్ని ఒక్కసారీ వాడలేదు, క్రియను మాత్రం 10 సార్లు వాడాడు. ఆయనకు సువార్త అంటే చేతిలో ఉండే వస్తువు కాదు, ప్రకటించే పని.

1 థెస్సలొనీక 1:9-10 నోటు పుస్తకంలో ఎక్కించడంతో మొదలుపెట్టండి. విగ్రహాలు విడిచి జీవముగల దేవుని వైపు తిరగడం, దేవుడు లేపిన ఆయన కుమారుడు పరలోకం నుంచి వస్తాడని ఎదురుచూడడం. యూదులు కానివాళ్లకు పౌలు ఏం చెప్పాడో తెలిపే అతి పాత ఆనవాళ్లలో ఇదొకటి.

3. నాలుగు క్రియల దగ్గర ఆగండి

ఒకసారి కూర్చునే గంట అంతా 1 కొరింథీ 15:1-8కి కేటాయించండి. పాత అనువాదంలో ఇలా ఉంది: 'నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని.' ఇందులో 'ఉపదేశము' అనే మాట అనువాదకులు అర్థం కోసం చేర్చింది. గ్రీకులో 'నేను పొందినదాన్ని మొదట మీకు అప్పగించాను' అని మాత్రమే ఉంది. పొందడం, అప్పగించడం అనే ఈ జంట, గురువు నోట విన్నదాన్ని మాట పొల్లుపోకుండా శిష్యుడికి అందించడాన్ని చెప్పే వాడుక. అంటే తర్వాత వచ్చే మాటలు పౌలు కల్పించినవి కావు, ఆయనకంటే ముందే కంఠస్థంగా ఉన్నవి.

ఆ మాటల్లో నాలుగు క్రియలు ఉన్నాయి. వాటిని రెండేసి చొప్పున రాయండి.

మృతిపొందెను — సమాధిచేయబడెను
లేపబడెను — కనబడెను

సమాధి అనేది మరణానికి రుజువు. కనబడడం అనేది లేవడానికి రుజువు. మరణానికి 'మన పాపముల నిమిత్తము' అని కారణం ఉంది. మరణానికీ, లేవడానికీ 'లేఖనముల ప్రకారము' అని ఆధారం ఉంది. తర్వాత సాక్షుల వరస: కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు. తెలుగులో జారిపోయేది ఒకటుంది. గ్రీకులో మిగతా మూడు క్రియలూ ఒకప్పుడు జరిగి ముగిసినవాటిగా ఉంటే, 'లేపబడెను' ఒక్కటే 'లేపబడి, ఇప్పటికీ అలాగే ఉన్నాడు' అనే రూపంలో ఉంది.

ఇప్పుడు రోమా 1:1-4 చదివి దీని పక్కన పెట్టండి. అక్కడ 'పాపముల నిమిత్తము' అనే మాటే లేదు. దావీదు సంతానం, మృతులలోనుండి లేవడం, దేవుని కుమారుడిగా నిరూపించబడడం ఉన్నాయి. 2 తిమోతి 2:8 కూడా అంతే. ఈ మూడింటినీ ఎదురెదురుగా పెట్టకుండా ఒక్కదాన్నే పట్టుకుంటే సువార్త మొత్తం పాపక్షమాపణకు కుదించుకుపోతుంది, లేదా మొత్తం రాజ్యాధికారంగా మారిపోతుంది. తొలి సంఘానికి రెండూ కావలసినవే.

4. కొర్నేలీ ఇంట్లో పేతురు మాటలు

అపొస్తలుల కార్యములు 10:34-43. కైసరయలో రోమా శతాధిపతి ఇంట్లో పేతురు చెప్పిన మాటల్ని వరసగా రెండో గడిలో దించండి: యోహాను బాప్తిస్మం, గలిలయలో మొదలు, ఆత్మతో అభిషేకం, మేలు చేస్తూ తిరగడం, మ్రానున వేలాడదీయడం, మూడో రోజు లేవడం, సాక్షులతో కలిసి తిని తాగడం, సజీవులకూ మృతులకూ న్యాయాధిపతిగా నియామకం. చివర్లో ప్రవక్తల సాక్ష్యం, పాపక్షమాపణ.

ఈ జాబితాను మార్కు పుస్తకం మీద పరిచి చూడండి. యోహాను బాప్తిస్మం నుంచి ఖాళీ సమాధి దాకా వరస దాదాపు అదే. ఒక జీవిత కథకు 'సువార్త' అనే పేరు ఎలా అంటుకుందో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. నోటితో ప్రకటించిన సంగతులే పెరిగి కథ అయ్యాయి.

ఏథెన్సు ప్రసంగాన్ని (17:22-31) కూడా ఇలాగే దించండి. అక్కడ పౌలు లేఖనాలు ఎత్తలేదు, గ్రీకు కవుల మాట ఎత్తాడు. చేరింది మాత్రం అక్కడికే: తీర్పు, మృతులలోనుండి లేపిన మనిషి. వినేవాళ్లను బట్టి దారి మారింది.

5. యేసు చెప్పింది వేరు, పౌలు చెప్పింది వేరా?

మార్కు 1:15ను నాలుగు ముక్కలు చేయండి. 'కాలము సంపూర్ణమైయున్నది', 'దేవుని రాజ్యము సమీపించియున్నది' — ఈ రెండూ రెండో గడిలోకి. 'మారుమనస్సు పొంది', 'సువార్త నమ్ముడి' — ఈ రెండూ మూడో గడిలోకి. మారుమనస్సు సువార్తకు జవాబు, సువార్తే కాదు. ఈ తేడా పోతే వార్త కాస్తా ఆజ్ఞల పట్టిక అవుతుంది.

యేసు రాజ్యాన్ని ప్రకటించాడు, పౌలు యేసును ప్రకటించాడు అని విడదీసేవాళ్లు ఉన్నారు. తేడా ఉన్నమాట నిజమే, దాచనక్కర్లేదు. కానీ యెషయా 52:7లోని 'ఏలుచున్నాడు' అనే మాటను మధ్యలో పెట్టి చూస్తే రెండూ ఒకే కబురుకు ముందూ వెనకలుగా కనిపిస్తాయి. ఏలుబడి దగ్గరపడిందని గలిలయలో చెప్పారు. ఆ ఏలికను దేవుడు మృతుల్లోంచి లేపాడని కొరింథులో చెప్పారు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 'సువార్త వేరు, బోధ వేరు' అని గోడ కట్టేయడం. గలతీ 2:11-14 చదవండి. అంతియొకయలో కేఫా అన్యజనులతో (యూదులు కానివాళ్లతో) కలిసి తింటున్నవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి మనుషులు రాగానే పక్కకు తప్పుకున్నాడు. గొడవ బంతి భోజనం గురించి. పౌలు దాన్ని మర్యాద లోపం అనలేదు, 'సువార్త సత్యము చొప్పున' నడవకపోవడం అన్నాడు. సహపంక్తి భోజనాల కోసం పోరాటాలు చూసిన నేలమీద ఈ వాక్యం వేరే వివరణ అడగదు. ఇలాంటివి వచ్చినప్పుడు మూడో గడిలోనే రాసి, రెండో గడిలోని ఏ సంగతి నుంచి అది పుట్టిందో బాణం గీయండి.

6. పుస్తకానికి ఆ పేరు ఎప్పుడు వచ్చిందో చూడండి

ఇది త్వరగా అయిపోతుంది. క్రీ.శ. 110 ప్రాంతంలో అంతియొకయ బిషప్పు ఇగ్నాతియసు ఫిలదెల్ఫియ సంఘానికి రాస్తూ, సువార్త ప్రత్యేకత రక్షకుని రాక, శ్రమ, పునరుత్థానం అన్నాడు. అప్పటికింకా అది సంగతే. సుమారు 155లో రోములో క్రైస్తవ రచయిత జస్టిను, అపొస్తలుల జ్ఞాపకాలను 'సువార్తలు అంటారు' అని బహువచనంలో రాశాడు. ఇక్కడ అవి పుస్తకాలు. 180 ప్రాంతంలో లియోను బిషప్పు ఐరేనియసు నాలుగే ఉన్నాయనీ, నాలుగింటిలోనూ ఉన్న సువార్త ఒక్కటేననీ వాదించాడు. పాత గ్రీకు ప్రతుల శీర్షికలు కూడా 'మత్తయి ప్రకారం', 'లూకా ప్రకారం' అనే ఉంటాయి. మనం 'మత్తయి సువార్త' అన్నప్పుడు ఆ 'ప్రకారం' రాలిపోయింది.

చివరగా యోహాను. నామవాచకాన్ని వెతికినా, క్రియను వెతికినా గ్రీకు పద సూచికలో యోహాను సువార్త కింద ఒక్క వచనమూ ఉండదు. పేరులో ఉన్న మాట పుస్తకం లోపల లేదు. మరి ఆ పుస్తకానికి మూడు గళ్లూ ఎలా నింపాలి? 'సాక్ష్యము' అనే మాట పట్టుకుని 1:7 నుంచి 21:24 దాకా వెళ్లండి.